పెరుగు పథ్యమే, వైద్యం కాదు

రెండేళ్ళ క్రితం వేసవి సంచికలో ఈ శీర్షిక క్రింద మేము పెరుగును గురించి వ్రాశాము. ఇంట్లో చల్ల చిలికే రోజులు పోయి, పెరుగును కూడా డబ్బాలలో కొని తెచ్చుకునే రోజులు వచ్చినవని కొంత విచారించాము. తోడు పెట్టిన పెరుగులోని సూక్ష్మజీవులు పేగులకు మేలు చేస్తాయనీ, పేగులు బాగుంటే కాలేయమూ బాగుంటుందనీ వ్రాసి ముగించాము. వ్యాసం బాగున్నదని పది పన్నెండు ఉత్తరాలు వచ్చినవి. మేమూ సంతోషించి ఊరుకున్నాము.

మొన్న ఉగాది సభనాడు మా సంఘ సభ్యులలో ఒక పెద్దమనిషి మమ్మల్ని ప్రక్కకు పిలిచి, జేబులోనుంచి మడతలు పడిన కాగితం ఒకటి తీసి చూపారు. అది ఆ వ్యాసమే. ఆయన మనిషి సగమైనారు. కండ్లలో పచ్చదనం కనిపిస్తూనే ఉన్నది.

సంగతి ఇది. ఎక్కడో ఉచిత వైద్య శిబిరంలో రక్తం పరీక్ష చేసి, లివరు పరీక్షలో ఎస్.జి.పి.టి. ఉండవలసిన దానికి రెట్టింపు ఉన్నది, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి అన్నారట. ఆయనకు నొప్పి లేదు, జ్వరం లేదు, ఆకలికి లోటు లేదు. ఆ వారంలోనే మా వ్యాసం చదివారు. పూటకు రెండు గ్లాసుల మజ్జిగ మొదలుపెట్టారు. కుమారుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, ప్రోబయోటిక్ గుళికలు కొని తెచ్చి ఇచ్చాడు. డాక్టరు దగ్గరకు మాత్రం ఎవరూ వెళ్ళలేదు. పదునాలుగు నెలలు గడిచినవి. చివరకు కాళ్ళు వాచి, పొట్టలో నీరు చేరిన తరువాత ఆస్పత్రికి వెళితే, హెపటైటిస్ బి అనే వైరసు చాలా ఏళ్ళుగా లోపల ఉండి కాలేయాన్ని గట్టిపరచివేసినదని తేలినది. దీనినే సిర్రోసిస్ అంటారు.

"ఏమండీ, మీరు వ్రాసినదే గదా నేను చేసినది" అన్నారు ఆయన. కోపంగా అనలేదు. అడిగినట్లుగా అన్నారు. మాకు జవాబు దొరకలేదు.

ఇంటికి వచ్చి ఆ వ్యాసాన్ని మళ్ళీ చదువుకున్నాము. అందులో అబద్ధం లేదు. కాని చెప్పవలసిన మాట ఒకటి చెప్పలేదు. ఆ మాట ఈ నెల చెప్పదలచాము.

మొదట పెరుగుకు ఇంత పేరు ఎట్లా వచ్చినదో చూద్దాము. మన ఇళ్ళలో ఆ పేరు ఏనాటినుంచో ఉన్నది. శాస్త్రజ్ఞులలో దానికి పేరు తెచ్చినవాడు ఎలీ మెచ్నికాఫ్ అనే రష్యా దేశీయుడు. పారిస్ నగరంలో పాశ్చర్ సంస్థలో పని చేసేవాడు. పెద్దపేగులో కుళ్ళు పుట్టించే క్రిములు విడిచే విషాలవల్లనే మనిషికి ముసలితనం త్వరగా వస్తున్నదని ఆయన నమ్మకం. బల్గేరియా పల్లెలలో పులిసిన పాలు త్రాగేవారు చాలాకాలం బ్రతుకుతారని విని, ఆ పాలలోని క్రిమి కుళ్ళు క్రిములను అణచుతుందని ఊహించాడు. ఆ క్రిమిని 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా యువకుడు జెనీవాలో కనిపెట్టాడు. మెచ్నికాఫ్ తానూ రోజూ పులిసిన పాలు త్రాగేవాడు. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది. ఇక పులిసిన పాలకు గిరాకీ ఎంత పెరిగి ఉంటుందో ఊహించవచ్చును.

అయితే ఆ బహుమతి పెరుగుకు ఇచ్చినది కాదు. శరీరంలోని కణాలు రోగక్రిములను పట్టి మ్రింగివేస్తాయని కనిపెట్టినందుకు ఇచ్చినది. పెరుగు సంగతి ఆయన ఊహ మాత్రమే. ఆ బల్గేరియా క్రిమి మన పేగులలో కాపురం పెట్టజాలదని తరువాతి పరిశోధకులు చూపారు. మెచ్నికాఫ్ 1916లో 71వ ఏట మరణించాడు. ఒక గొప్పవాడు చెప్పిన రెండు మాటలలో ఒకటి రుజువైతే, రెండవది కూడా రుజువైనట్లే లోకం తీసుకుంటుంది. మేము వ్రాసిన వ్యాసంలోనూ ఈ తొందరపాటే ఉన్నది.

ఇక ప్రోబయోటిక్ అనే మాట. 2001లో ఐక్యరాజ్య సమితివారి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి దీనికి ఒక నిర్వచనం చేశాయి. తగినంత మోతాదులో లోపలికి పోయి, తిన్నవారికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులని దాని భావం. ఇందులో మూడు షరతులున్నవి. క్రిములు బ్రతికి ఉండాలి, చాలినన్ని ఉండాలి, మేలు చేస్తాయని రుజువు కావాలి.

ఈ మూడింటితో మన వంటింటిని పరీక్షించి చూడండి. ఇడ్లీ పిండి రాత్రంతా పులిసి పొంగేది సూక్ష్మజీవులవల్లనే. కాని ఆవిరిమీద ఉడికిన ఇడ్లీలో అవి బ్రతికి ఉండవు. మజ్జిగపులుసు కాగిన తరువాత దానిలోనూ ఉండవు. అంతమాత్రాన ఇడ్లీ చెడ్డది కాదు. పులియడంవల్ల తేలికగా అరుగుతుంది. కాని దానిని ప్రోబయోటిక్ అనరాదు. పెరుగులో, తాలింపు చల్లారిన తరువాత కలిపిన పెరుగన్నంలో, చద్దన్నంలో సజీవ క్రిములు ఉంటవి. అయితే మీ ఇంటి పెరుగులో ఉన్నవీ, మా ఇంటి పెరుగులో ఉన్నవీ ఒకటే జాతి అని చెప్పలేము. ఎవరి తోడు వారిది. కాబట్టి శాస్త్రపరంగా మన పెరుగు మంచి ఆహారమే గాని, లెక్క కట్టిన మందు కాదు.

గుళికలలో లెక్క ఉంటుంది. పెట్టెమీద వందల కోట్లు అని అచ్చు వేస్తారు. కాని ఎన్ని కోట్లున్నవనేదానికంటె ఏ తెగకు చెందినవనేది ముఖ్యం. లాక్టోబాసిల్లస్ అనేది ఇంటిపేరు వంటిది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అన్నదమ్ములందరిదీ ఒకే గుణం కాదు గదా! పిల్లల విరేచనాలలో మేలు చేసిన తెగ, కాలేయానికి కూడా మేలు చేస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు. ఏ తెగ, ఎంత మోతాదు, ఏ జబ్బుకు అని విడివిడిగా రుజువు చూపవలెనని మన దేశంలో కూడా 2011లో భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ కలిసి మార్గదర్శకాలు ప్రకటించాయి.

మరి పేగులకూ కాలేయానికీ సంబంధమే లేదా? ఉన్నది, చాలా ఉన్నది. పెద్దవారి కాలేయం సుమారు కిలోన్నర బరువుంటుంది. నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం దానిగుండా పోతుంది. అందులో ముప్పాతిక వంతు నేరుగా గుండె పంపిన రక్తం కాదు, పేగులలో తిరిగి పోర్టల్ సిర అనే పెద్ద నాళంగుండా వచ్చిన రక్తం. మనం తిన్న అన్నంలోని సారమూ, పేగులలోని క్రిములు తయారుచేసిన మంచీ చెడూ అన్నీ ముందు కాలేయం గడప తొక్కి, అక్కడ సోదా అయిన తరువాతనే తక్కిన శరీరానికి పోతవి.

పేగుల లోపలి పొర గట్టిగా ఉన్నంతకాలం కాలేయానికి చేరే చెడుగు స్వల్పం. అతిగా మద్యం సేవించినా, కాలేయమే జబ్బుపడినా ఆ పొర పలుచబడి, క్రిముల తునకలు ఎక్కువగా లోపలికి జారుతవి. అవి కాలేయంలో వాపు పెంచుతవి. సిర్రోసిస్ ముదిరినవారిలో మరొక ప్రమాదమున్నది. పేగులలో పుట్టిన అమ్మోనియాను కాలేయం విరిచివేయలేదు. అది మెదడుకు చేరి, మనిషి పగలు నిద్రపోవడం, రాత్రి మేలుకోవడం, మాట తడబడడం, చివరకు తెలివి తప్పడం జరుగుతుంది. ఇంట్లోవాళ్ళు మతి చెడినదనుకుంటారు. చెడినది కాలేయం.

దీనికి వైద్యులు ఇచ్చే మందు లాక్టులోజ్ అనే తియ్యని పాకం. 1966 నుంచి ఈ జబ్బులో వాడుతున్నారు. దీనిని మన పేగులు అరిగించుకోలేవు. పెద్దపేగులోని క్రిములు తిని, ఆమ్లంగా మారుస్తవి. ఆ పులుపులో అమ్మోనియా రక్తంలోకి పోలేక, విరేచనంతో బయటకు పోతుంది. అనగా పేగులలోని క్రిములచేత పని చేయించి కాలేయ రోగిని కాపాడే మందు అరవై ఏళ్ళ నాడే వచ్చినది. పేగుకూ కాలేయానికీ ఉన్న బంధుత్వం కల్పన కాదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఈ బంధుత్వంలో ఒక తెలుగువాని కథ కూడా ఉన్నది. భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అనే పేగుల జబ్బుతో తాను బాధపడ్డారు. తోడబుట్టినవారిని ఆ జబ్బుకే పోగొట్టుకున్నారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం జంతువుల కాలేయంనుంచి ఒక పదార్థాన్ని 1943లో శుద్ధిచేసినది. దానిని గుర్తించే విధానం ఏమిటనుకున్నారు? లాక్టోబాసిల్లస్ కేసై అనే క్రిమికి ఆ పదార్థం లేనిదే పెరుగుదల లేదు. క్రిమి పెరిగినదంటే పదార్థం ఉన్నట్లు లెక్క. అదే ఫోలిక్ ఆమ్లం. పెరుగు క్రిముల కుటుంబానికి చెందిన ఒక క్రిమే ఆ విధంగా వైద్యానికి కొలబద్దగా పనికివచ్చినది. సుబ్బారావుగారు ఊహించి ఊరుకోలేదు, కొలిచి చూశారు. మా మనవి కూడా అదే.

ప్రోబయోటిక్ గుళికలను కాలేయ రోగులలో కొలిచి చూసినవారు ఏమి చెప్పారు? చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య సంస్థవారు సిర్రోసిస్ రోగులకు ఎనిమిది తెగల క్రిములు కలిపిన పొడిని ఆరు నెలలు ఇచ్చి, ఆస్పత్రిలో చేరవలసిన అగత్యం తగ్గినదని 2014లో ప్రకటించారు. ఇది సంతోషించదగినదే. కాని ఆ రోగులందరూ వైద్యుల పర్యవేక్షణలో, తక్కిన మందులతో ఉన్నవారు. 2017లో కొక్రేన్ సంస్థ, తెలివి తప్పే రకం కాలేయ రోగులపై జరిగిన 21 పరీక్షలను ఒకచోట చేర్చి తూచినది. కొంత మేలు ఉండవచ్చు, కాని మరణాలు తగ్గినట్లు కనిపించలేదు, పరీక్షల నాణ్యత తక్కువ అని తేల్చినది. కొవ్వు చేరిన కాలేయంలో చిన్న చిన్న పరీక్షలలో రక్తపు అంకెలు కొద్దిగా తగ్గినవి. కాలేయం గట్టిపడకుండా ఆగినదని మాత్రం రుజువు కాలేదు. హెపటైటిస్ వైరసును ఈ క్రిములు తరిమివేస్తాయని అసలే రుజువు లేదు.

ఇటువంటి పాఠం మన మద్రాసులోనే ఒకసారి జరిగినది. కామెర్లకు నేలఉసిరి నూరి మజ్జిగలో ఇవ్వడం మన ఇళ్ళలో ఉన్న ఆచారం. అరవంలో దానినే కీళానెల్లి అంటారు. మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు హెపటైటిస్ బి ఉన్నవారికి దాని పొడిని 30 రోజులు ఇచ్చి చూసి, 37 మందిలో 22 మందికి రక్తంలో వైరసు గుర్తు పోయినదని 1988లో ప్రకటించారు. ఆ వైరసును కనిపెట్టి నోబెల్ బహుమతి పొందిన బ్లూంబర్గ్ కూడా అందులో పాల్గొన్నారు. లోకమంతా ఆశపడినది. తరువాత ఇతర దేశాలలో చేసిన పరీక్షలలో ఆ ఫలితం నిలవలేదు. పరిశోధకుల తప్పేమీ లేదు. వారు పరీక్షించి చెప్పారు, మరికొందరు మళ్ళీ పరీక్షించి చూశారు. శాస్త్రం నడిచే దారి అదే. మొదటి కబురు విని మందు మానుకున్నవాడే నష్టపోతాడు.

కాబట్టి ఇప్పుడు మా మాట. కాలేయం చాలాకాలం మూగగా ఓర్చుకునే అవయవం. నొప్పి లేదంటే జబ్బు లేదని అర్థం కాదు. లివరు పరీక్షలో అంకె పెరిగినదంటే దానికి ఒక కారణం ఉంటుంది. మద్యమా, కొవ్వా, మధుమేహమా, వైరసా, వాడుతున్న మందులా, చెట్టు మందులా? కారణం తెలియకుండా ఏమి మ్రింగినా చీకటిలో రాయి వేసినట్లే. హెపటైటిస్ బి, సి పరీక్షలు రెండూ చేయించుకోండి. 2018లో మొదలైన జాతీయ పథకం క్రింద నిర్ణీత ప్రభుత్వ ఆస్పత్రులలో ఈ పరీక్షలూ మందులూ ఉచితం. సి రకం అయితే ఎక్కువమందికి 12 వారాల మాత్రలతో నయమైపోతుంది. బి రకం సాధారణంగా పూర్తిగా పోదు గాని, అవసరమైనవారికి రోజుకొక మాత్రతో అదుపులో ఉంటుంది. ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకుని, లేనివారు టీకా వేయించుకోవాలి. పెద్దవారికి ఆరు నెలలలో మూడు మోతాదులు. ఈ టీకా మన దేశంలో అందుబాటు ధరకు వచ్చినది 1997లో, హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్‌వారు తయారు చేసిన తరువాతనే. ఈ జబ్బు రక్తంవల్ల, దాంపత్యంవల్ల, తల్లినుంచి పుట్టిన బిడ్డకు సోకుతుంది. కంచం ప్రక్కన కంచం పెట్టుకుని తిన్నందువల్ల సోకదు. రోగిని వేరుగా కూర్చోబెట్టవద్దు.

కొవ్వు కాలేయం ఉన్నవారికి అన్నింటికంటె రుజువైన మందు బరువు తగ్గడం. నూటికి ఐదు వంతులు తగ్గితే కొవ్వు తగ్గుతుంది. ఏడునుంచి పది వంతులు తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. ఎనభై కిలోల మనిషి ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గవలెనన్నమాట. మద్యం మానవలెనని వేరే చెప్పనక్కరలేదు. ఫిల్టరు కాఫీ ప్రియులకు ఒక శుభవార్త. కాఫీ త్రాగేవారిలో కాలేయం గట్టిపడడం తక్కువగా ఉన్నదని చాలా పరిశీలనలలో తేలినది. అయితే అందులో వేసే పంచదారకు ఈ పొగడ్త వర్తించదు.

మరి పెరుగు మానివేయాలా? ఎంతమాత్రమూ వద్దు. సిర్రోసిస్ ఉన్నవారికి మాంసకృత్తులు తగ్గించాలని పూర్వం చెప్పేవారు. ఇప్పుడు ఆ మాట లేదు. వారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల వరకు కావాలి. పాలూ, పెరుగూ, పప్పుల ద్వారా వచ్చే మాంసకృత్తులను వారు బాగా ఓర్చుకుంటారు. రాత్రి చాలాసేపు కడుపు ఖాళీగా ఉంచకుండా, పడుకునే ముందు కాస్త పెరుగన్నం తింటే మంచిదే. అయితే పొట్టలో నీరు చేరినవారు ఉప్పు తగ్గించాలి. ఉప్పు మజ్జిగ, ఆవకాయ, చల్లమిరపకాయలు వారికి పనికిరావు. ఇక గుళికల సంగతి. ఆరోగ్యవంతులకు సాధారణంగా హాని ఉండదు. కాని ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో, ఆస్పత్రిలో సిరలకు గొట్టాలు అమర్చి ఉన్నవారిలో ఈ సజీవ క్రిములే అరుదుగా రక్తంలో చేరి ప్రమాదం తెచ్చిన సందర్భాలు ఉన్నవి. ముదిరిన కాలేయ జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా వాడరాదు.

మా పెద్దమనిషిగారు ఇప్పుడు చికిత్సలో ఉన్నారు. రోజుకొక మాత్ర వేసుకుంటున్నారు. కాళ్ళ వాపు తగ్గినది. ఆయన ఇల్లాలికీ, పిల్లలకూ పరీక్షలు చేశారు. ఒక కుమారునిలో కూడా వైరసు బయటపడినది. అదృష్టవశాన అతని కాలేయం ఇంకా చెడలేదు. ఇకమీదట క్రమంగా పరీక్షలు చేయించుకుంటూ ఉండాలని వైద్యులు చెప్పారు. తండ్రికి గుళికలు తెచ్చి ఇచ్చిన కుమారుడు అతనే.

గడిచిన వారం వారి ఇంటికి వెళ్ళాము. భోజనం వేళ అయినది. ఆయన కంచంలో ఉప్పు వేయని పెరుగన్నం ఉన్నది. "పెరుగు మానలేదండోయ్" అన్నారు నవ్వుతూ. ప్రక్కన గోడకు ఆస్పత్రికి మళ్ళీ వెళ్ళవలసిన తేదీ వ్రాసిన చీటీ అంటించి ఉన్నది. మా పాత వ్యాసం ఉండవలసిన చోట ఆ చీటీ ఉన్నందుకు మేము సంతోషించాము.

ఈ పేజీని దాచుకునే పాఠకులు ఎవరైనా ఉంటే, పాతదానిని తీసివేసి దీనిని దాచుకోవలసినదిగా మా కోరిక. శిబిరాలలో చేయించుకున్న రక్త పరీక్షల కాగితాలు బీరువాలో పడి ఉంటే, ఈ ఆదివారం బయటకు తీసి చూడండి. పెరిగిన అంకె ఏదైనా కనిపిస్తే, మజ్జిగ త్రాగి సోమవారం డాక్టరు దగ్గరకు వెళ్ళండి.